ఫస్ట్ ప్రిన్సిపులా, ఫార్ములానా?

3ఎక్స్² − 5ఎక్స్ + 2 తీసుకుందాం, ఎక్స్ = 2 దగ్గర డెరివేటివ్, అంటే అక్కడ గ్రాఫ్ స్లోప్ (వాలు) కావాలి. ఇంటర్ ఫస్ట్ ఇయర్ పిల్లలు చాలామంది నేరుగా ఫార్ములాకే వెళ్తారు. పవర్ కిందికి దించి ఒకటి తగ్గిస్తే 6ఎక్స్ − 5, అందులో 2 పెడితే 7, రెండు లైన్లలో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త, 2 ముందే పెట్టేశారనుకోండి ఫంక్షన్ కాస్తా 4 అనే నంబర్ అయిపోతుంది, దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే సున్నానే వస్తుంది, ఈ తప్పు నేను పేపర్లలో బోలెడుసార్లు చూశాను.

ఫస్ట్ ప్రిన్సిపుల్‌లో అయితే (డెరివేటివ్ నిర్వచనం నుంచే లెక్కేయడం) ఎక్స్ బదులు 2 + హెచ్ పెట్టి విప్పాలి, హెచ్ అంటే ఒక చిన్న నంబర్, 12 + 12హెచ్ + 3హెచ్² − 10 − 5హెచ్ + 2, అంటే 4 + 7హెచ్ + 3హెచ్², ఇందులోంచి 2 దగ్గరి విలువ 4 తీసేసి హెచ్‌తో భాగిస్తే 7 + 3హెచ్ మిగులుతుంది, ఇప్పుడు హెచ్‌ని సున్నాకి పంపిస్తే 7. భాగించకముందే హెచ్ సున్నా చేస్తే 0/0 దగ్గర ఇరుక్కుపోతారు.

టైమ్ తక్కువుంటే ఫార్ములానే, అందులో డౌటే లేదు. కానీ నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే ఆ 3హెచ్ ఎలా కరిగిపోతుందో కళ్ళముందు కనిపిస్తుంది, స్లోప్ అంటే ఏంటో అక్కడే అర్థమవుతుంది. ఇంకోటి, 1 దగ్గర విలువ 0, 3 దగ్గర 14, ఆ రెండు పాయింట్లు కలిపే గీత స్లోప్ 14/2, అదీ 7నే! ఇలా ఎక్స్² దాకా ఉండే క్వాడ్రాటిక్‌కి అటూ ఇటూ సమాన దూరం తీసుకుంటే ఎప్పుడూ ఇలాగే కచ్చితంగా వస్తుంది, ఎక్స్³ ఉండే క్యూబిక్‌కి రాదు.