హెచ్చరిక: “17 ఆధారాల సుడోకు” ఫైలును కొనకండి, పిల్లల పోటీలకు అసలే వాడకండి

ఉమ్మడి వరంగల్ జిల్లాలో గణిత పోటీలు నిర్వహించే ఉపాధ్యాయ మిత్రులందరికీ ఈ విషయం వెంటనే తెలియాలని రాస్తున్నాను. మన పజిల్ గ్రూపుల్లో ప్రతి ఆదివారం ప్రకటన పెట్టే ఆ విక్రేత ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. సుడోకు తెలియనివారికి ఒక్క మాట: 9×9 గళ్ల పట్టికలో ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో, ప్రతి 3×3 పెట్టెలో 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి, ముందే నింపి ఇచ్చే అంకెలనే ఆధారాలు అంటాం. “అతి తక్కువ ఆధారాలతో సుడోకులు, ఒక్క అంకె కూడా అదనంగా ఉండదు, ప్రతి దానికీ ఒకే సమాధానం, పరిశీలించే ప్రోగ్రాం ఉచితం” అంటూ ఆయన అమ్ముతున్న ఫైలును హనుమకొండలో మేము కొందరు ఉపాధ్యాయులం కలిసి 2,400 రూపాయలు పెట్టి కొన్నాం. ఆ డబ్బు పోయింది. అంతకు మించిన అన్యాయం ఒక ఎనిమిదో తరగతి అమ్మాయికి జరిగింది. నా కోపమంతా దాని గురించే.

డిసెంబరు 22న, రామానుజన్ జయంతి నాడు, జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఏర్పాటు చేసిన పోటీలో చివరి దశకు ఆ ఫైలులోంచి ఒక 24 ఆధారాల సుడోకును ఇచ్చాం (పేరు 17 ఆధారాలదైనా ఫైలులో 24, 16 ఆధారాలవీ ఉన్నాయి). కాజీపేట, పరకాల, నర్సంపేట, వర్ధన్నపేటల నుంచి పిల్లలు వచ్చారు. అందరికంటే ముందు పరకాల వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి కాగితం ఇచ్చింది. కాసేపటికి కాజీపేట అబ్బాయి ఒకడు ఇచ్చాడు. విక్రేత పంపిన జవాబు పేజీతో సరిచూస్తే అబ్బాయిది పూర్తిగా కలిసింది, అమ్మాయిది నాలుగు గళ్లలో కలవలేదు. నిబంధన ప్రకారం ఆమె కాగితం మీద ఎర్ర సిరాతో కొట్టివేత పడింది. ఆమె వాదించలేదు. “సార్, నా దాంట్ల తప్పు ఏడున్నదో చూపెట్టుండ్రి, మళ్ల చెయ్యకుంట నేర్చుకుంట” అని మాత్రం అడిగింది. చూపించడానికి కూర్చున్నాం. తొమ్మిది అడ్డు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, తొమ్మిది పెట్టెలు ఒక్కొక్కటిగా చూశాం. ఎక్కడా ఒక అంకె రెండుసార్లు రాలేదు, ఏ అంకె కూడా తప్పిపోలేదు, ఇచ్చిన ఆధారాల్లో ఏదీ మారలేదు. ఆమె సమాధానం సంపూర్ణంగా సరైనది.

తేడా వచ్చిన నాలుగు గళ్లు ఇవి: రెండో, మూడో అడ్డు వరుసలు నాలుగో, ఎనిమిదో నిలువు వరుసలతో కలిసే చోట్లు. జవాబు పేజీలో రెండో వరుసలో 5, 9 ఉంటే మూడో వరుసలో 9, 5 ఉన్నాయి. అమ్మాయి కాగితంలో అవి తారుమారుగా ఉన్నాయి. ఈ రెండు అడ్డు వరుసలూ ఒకే పెట్టెల వరుసలోవి (పక్కపక్కన ఉన్న మూడు పెట్టెలు కలిస్తే ఒక పెట్టెల వరుస) కాబట్టి, 5ను 9తోనూ 9ని 5తోనూ మార్చినా అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో, ఆ రెండు పెట్టెల్లో ఉండాల్సిన అంకెలన్నీ అలాగే ఉంటాయి. ఇటువంటి నాలుగు గళ్ల అమరిక పూర్తయిన పట్టికలో ఉన్నప్పుడు, వాటిలో కనీసం ఒక్క గడిలోని అంకెనైనా ఆధారంగా ఇచ్చి తీరాలి, లేకపోతే రెండు సమాధానాలు వస్తాయి. సుడోకు తయారుచేసే వారికి ఇది అక్షరాభ్యాసం లాంటి విషయం. ఈ పజిల్‌లో ఆ నాలుగు గళ్లూ ఖాళీగా వదిలేశారు. అంటే మిగతా 53 ఖాళీ గళ్లు ఎంత నైపుణ్యంతో నింపినా, చివరి నాలుగు గళ్ల దగ్గర ప్రతి పిల్లవాడూ ఏదో ఒకటి అనుకుని రాయవలసిందే. అబ్బాయి అనుకున్నది జవాబు పేజీతో కలిసింది, అమ్మాయి అనుకున్నది కలవలేదు. గణితం పేరు పెట్టి మేము ఆ పిల్లల చేత బొమ్మా బొరుసా ఆడించినట్లయింది.

అదే సాయంత్రం విక్రేతకు ఫోన్ చేశాను. నాలుగు గళ్ల సంగతి నెమ్మదిగా వివరించాను. ఆయన చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్లుగా రాస్తున్నాను: “సార్, మీరు లెక్కల సార్ అయ్యుండి గిట్ల అడుగుతరేంది? జవాబు ఎనక పేజీల ఉన్నది గద. దాంతోని కలిస్తె రైటు, కలవకుంటె తప్పు. పోరగాండ్ల పోటీకి గింత పంచాయితీ ఎందుకు?” ఆ అమ్మాయి రాసింది కూడా సరైన జవాబే కదా అని మళ్లీ అడిగితే, “రెండు జవాబులుంటె ఏమైతది, మంచిదే గద” అని ఫోన్ పెట్టేశారు. ఒకే సమాధానం ఉండటమే సుడోకుకు ప్రాణం. అది లేనిదాన్ని ఒకే సమాధానం ఉందని చెప్పి అమ్మి, తప్పు బయటపడ్డాక పిల్లల పోటీయే కదా అని తీసిపారేసిన ఆ గొంతు ఇంకా నా చెవిలోంచి పోవడం లేదు. పిల్లల పోటీ కాబట్టే ఎక్కువ జాగ్రత్త ఉండాలి. పరకాల నుంచి బస్సు ఎక్కి వచ్చిన పిల్లకు, తాను సరిగా చేసినది తప్పని పెద్దవాళ్లు చెబితే, ఆ పిల్ల నమ్మేది పెద్దవాళ్లనే.

ఇక ఆ ఉచిత ప్రోగ్రాం సంగతి. పోటీకి ముందు ప్రతి పజిల్‌నూ అందులో వేసి చూశాం. ప్రతిసారీ ఆకుపచ్చ రంగులో “సరైనది” అని వచ్చింది. పోటీ తర్వాత అనుమానంతో అసలు ఒక్క ఆధారం కూడా లేని ఖాళీ పట్టికను అందులో వేశాను. దానికీ ఆకుపచ్చ రంగులో “సరైనది” అనే చెప్పింది. ఖాళీ పట్టికను నింపగల విధానాలు 6,67,09,03,75,20,21,07,29,36,960 అని బెర్ట్రామ్ ఫెల్గెన్‌హావర్, ఫ్రేజర్ జార్విస్ 2005లో లెక్కగట్టారు. 22 అంకెల సంఖ్య అది. అన్ని సమాధానాలున్న దానికి ఒకే సమాధానం ఉందని ధ్రువీకరించే ప్రోగ్రాం పరిశీలిస్తున్నది ఏమిటి? అది మొదటి సమాధానం దొరకగానే ఆగిపోతుంది, అంతే. నిజమైన పరిశీలన అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి సమాధానాన్ని పక్కన పెట్టి, వదిలేసిన దారులన్నీ వెనక్కి వెళ్లి వెతకాలి. రెండో సమాధానం దొరికితే పజిల్‌ను తిరస్కరించాలి. దారులన్నీ అయిపోయినా రెండోది దొరకకపోతేనే అంగీకరించాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 2000లో వివరించిన, ఇలా దారులన్నీ వేగంగా వెతికే “డ్యాన్సింగ్ లింక్స్” పద్ధతిలో మా మిత్రుడొకరు రాసుకున్న ప్రోగ్రాం సాధారణ ల్యాప్‌టాప్ మీద ఈ పని రెప్పపాటులో చేసింది. కష్టమైన పని కాదది, ఆయన చేయదలచుకోలేదు.

ఆ ప్రోగ్రాంతో ఫైలు మొత్తాన్ని పరిశీలించాక అసలు రూపం బయటపడింది. కొన్ని పజిల్‌లకు ప్రోగ్రాం కూడా అక్కరలేదు. ఒకదానిలో 2, 6 రెండూ ఎక్కడా ఆధారంగా లేవు. అలాంటప్పుడు ఏ సమాధానం వచ్చినా అందులోని 2లన్నిటినీ 6లుగా, 6లన్నిటినీ 2లుగా మార్చితే మరో సమాధానం తయారవుతుంది. అందుకే తొమ్మిది అంకెల్లో కనీసం ఎనిమిది ఆధారాల్లో కనిపించాలి. ఇంకొకదానిలో నాలుగో వరుస, ఆరో వరుస పూర్తిగా ఖాళీ. అవి రెండూ ఒకే పెట్టెల వరుసలోవి కాబట్టి మొత్తం వరుసలనే ఇటుదటు మార్చవచ్చు. కంటితో చూస్తే తెలిసిపోయే లోపాలివి.

“24 ఆధారాలు, ఒక్కటి కూడా అదనం లేదు” అన్న భాగం మరీ బాధాకరం. ఇక్కడ రెండు విషయాలు వేరువేరు. ఏ ఒక్క ఆధారాన్ని తీసేసినా ఏకైక సమాధానం పోయే పజిల్‌ను కనిష్ఠ పజిల్ అంటారు. అది 24 ఆధారాలతో ఉండవచ్చు, 30తోనూ ఉండవచ్చు. అన్ని సుడోకుల్లోకీ అతి తక్కువ ఆధారాలున్నది వేరే సంగతి, దాని సంఖ్య 17. నిజాయితీగా తయారుచేసేవారు నిండు పట్టికలోంచి ఒక్కో అంకెను తీస్తూ, తీసిన ప్రతిసారీ రెండో సమాధానం వస్తుందేమో చూసి, వస్తే ఆ అంకెను తిరిగి పెట్టేస్తారు. ఈ పద్ధతిలో పని సాధారణంగా 24, 25 ఆధారాల దగ్గర ఆగిపోతుంది, 17 దాకా చేరడం అత్యంత అరుదు. మా పోటీలో ఇచ్చిన పజిల్‌కు ఆ నాలుగు గళ్లలో ఏ ఒక్కదాని అంకెను చేర్చినా వెంటనే ఏకైక సమాధానం వచ్చింది. ఎవరో శ్రద్ధగా 25 ఆధారాలతో తయారుచేసిన పజిల్‌లోంచి ఒక్క అంకె పీకేసి, సంఖ్య తగ్గించి, ధర పెంచి అమ్మారనడానికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

“16 ఆధారాల ప్రత్యేక భాగం” అని చివర పెట్టినది చూసినప్పుడు నాకు నిజంగా చేతులు వణికాయి. “ఇవి ఇంకెవ్వరి దగ్గరా దొరకవు” అని ఆయన రాశారు. దొరకకపోవడానికి కారణం అవి లేకపోవడమే. డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012 జనవరిలో ఈ ఫలితాన్ని ప్రకటించింది. అంకెల పేర్లు మార్చడం, వరుసలు మార్చడం, తిప్పడం వంటి వాటితో ఒకదాని నుంచి ఒకటి వచ్చే పట్టికలను ఒక్కటిగానే లెక్కిస్తే మిగిలే పట్టికలు 547 కోట్ల 27 లక్షల 30 వేల 538. వాటిలో ప్రతి ఒక్కదానినీ తీసుకుని, నేను పైన చెప్పిన నాలుగు గళ్ల అమరికల వంటి తప్పించుకోలేని గుంపులను వెతికి, ప్రతి గుంపులోనూ కనీసం ఒక ఆధారం ఉండేలా 16 ఆధారాలు పెట్టడం సాధ్యమా అని సూపర్ కంప్యూటర్ మీద దాదాపు 71 లక్షల కోర్-గంటల పాటు (ఒక ప్రాసెసర్ కోర్ ఒక గంటలో చేసే పని ఒక కోర్-గంట) లెక్క వేశారు. సరైన 16 ఆధారాల సుడోకు ఒక్కటి కూడా లేదని తేలింది. అంతటి శ్రమతో మనుషులు తేల్చిన సత్యాన్ని ఒక ధరల పట్టిక కోసం తుడిచేయడం నాకు సహించరానిదిగా ఉంది. ఇక్కడా అదే పీకుడు పని కనిపించింది. ఆయన జవాబు పేజీలోంచి సరైన చోట ఒక్క అంకెను తిరిగి పెడితే వాటిలో చాలా పజిల్‌లు నిక్కమైన 17 ఆధారాల సుడోకులయ్యాయి. 17 ఆధారాలతో ఏకైక సమాధానం ఉన్న ఏ పజిల్ అయినా కనిష్ఠమే, కాబట్టి దానిలోంచి ఏది తీసినా చెడుతుంది.

ఇక ఫైలులో సరిగా ఉన్న 17 ఆధారాల పజిల్‌లు కూడా ఆయన సృష్టించినవని నేను నమ్మను. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ రాయిల్ ఏళ్ల తరబడి సేకరించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన జాబితాలో 49,000కు పైగా ఇటువంటి పజిల్‌లు ఉన్నాయి. అంకెలు మార్చి, వరుసలు జరిపితే అదే పజిల్ కొత్తదిలా కనిపిస్తుంది. మా మిత్రుడు ఫైలులోని కొన్నిటిని అలా వెనక్కి తిప్పి చూస్తే ఆ జాబితాలోని వాటితో అంకె అంకెకూ సరిపోయాయి. మరో మాట, 17 ఆధారాలుంటే అత్యంత కఠినమని ఆయన చేసే ప్రచారం కూడా నిజం కాదు. వాటిలో చాలా వాటిని మామూలు పద్ధతుల్లోనే పూర్తి చేయవచ్చు. ఆధారాల సంఖ్యకూ కష్టానికీ నేరుగా సంబంధం లేదు.

డబ్బు తిరిగి ఇవ్వమని ఖాళీ పట్టిక ఫలితంతో సహా అన్నీ పంపాను. జవాబు రాలేదు, గ్రూపులోంచి నన్ను తొలగించారు. అమ్మాయి పాఠశాలకు వెళ్లి, ప్రార్థన సమయంలో అందరి ముందూ ఆమె సమాధానం సరైనదని ప్రకటించి, మొదటి బహుమతి ఇచ్చి వచ్చాం. అబ్బాయి బహుమతి అబ్బాయి దగ్గరే ఉంది, అతని సమాధానం కూడా సరైనదే కదా.

కొనేవారికి చెప్పగలిగింది కొంచెమే. ఎవరి ప్రోగ్రాం అయినా ముందు ఖాళీ పట్టిక వేసి చూడండి, దాన్ని సరైనదని చెబితే అక్కడే వదిలేయండి. 16 లేదా అంతకంటే తక్కువ ఆధారాలతో సాధారణ 9×9 సుడోకు ఉందని ఎవరు రాసినా వారి దగ్గర ఏదీ కొనకండి. అమ్మినవారి ప్రోగ్రాంతో కాకుండా వేరొకరి ప్రోగ్రాంతో రెండో సమాధానం వెతికించండి.

కరీంనగర్, జనగామ వైపు సంక్రాంతి పోటీల కోసం ఇదే ఫైలు కొన్నవారున్నారని విన్నాను. ఇప్పటికే అచ్చు వేయించి ఉంటే, పిల్లలకు పంచే ముందు ఆ పజిల్‌ల ఫోటోలు నాకు పంపండి. మా మిత్రుడి ప్రోగ్రాంలో వేసి, దేనికి ఒకే సమాధానం ఉందో, దేనికి లేదో అదే రోజు చెబుతాం.