తిమ్మిరి వేరు, నొప్పి వేరు: బ్రూక్స్ బి17 మీద 6,200 కిలోమీటర్లు

నా సైకిల్ మీద ఇప్పుడున్నది నాలుగో శాడిల్ (సీటు), బ్రూక్స్ కంపెనీ తోలుతో చేసే బి17. మొదటి మూడూ ఎవరో ఒకరి సలహా విని కొన్నవే. ఒకటి జెల్ నింపిన మెత్తటిది. రెండోది మధ్యలో పొడుగ్గా కోత ఉన్నది, వెడల్పు 143 మిల్లీమీటర్లు. మూడోది ముక్కు పొట్టిగా ఉండే రేసింగ్ రకం. మూడూ మంచి సరుకే, నా ఒంటికి సరిపోలేదంతే. 60, 70 కిలోమీటర్లు దాటేసరికి కాళ్ల మధ్య తిమ్మిరి మొదలయ్యేది. ఒకసారి 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) పూర్తి చేసి ఇంటికొచ్చాక మర్నాడు సాయంత్రం దాకా అక్కడ స్పర్శ తెలియలేదు. ఆ విషయం ఎవరికైనా చెప్పుకోవడానికే చాలా రోజులు పట్టింది. చెప్పినప్పుడు తోటి రైడర్లు దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "అలవాటైపోతుందిలే, అందరికీ అంతే." రెండేళ్లు ఆ మాట నమ్మాను. నమ్మకుండా ఉండాల్సింది. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ మాటే.

నాకు 44 ఏళ్లు. తొక్కేది స్టీల్ ఫ్రేమ్ టూరింగ్ సైకిల్, 32 మిల్లీమీటర్ల టైర్లు, హ్యాండిల్‌బార్ శాడిల్ కంటే ఒక సెంటీమీటరు కిందికి ఉంటుంది. ఎక్కువగా 100 నుంచి 300 కిలోమీటర్ల రైడ్లు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మనిషి ఎలా కూర్చుని తొక్కుతాడో తెలియకుండా ఫలానా శాడిల్ మంచిదనో చెడ్డదనో చెప్పడంలో అర్థం లేదు.

మాతో రైడ్‌కి వచ్చే ఒక అక్క, నాకంటే పదేళ్లు పెద్దావిడ, దారి సరిచేసింది. ఏ శాడిల్ కొనమంటారని అడిగాను. "పేరు తర్వాత చెబుతాగానీ, నీ సిట్ బోన్స్ మధ్య దూరం ఎంతో కొలిచావా?" అంది. లేదక్కా అన్నాను. "మరి చెప్పులు కూడా పాదం కొలవకుండానే కొంటున్నావా?" అంది.

సిట్ బోన్స్ అంటే గట్టి బల్ల మీద కూర్చుంటే కింద ఒత్తుకునే రెండు ఎముకలు. శరీరం బరువు మోయాల్సింది అవే. వాటి నడుమ ఉన్న మెత్తటి భాగంలో ప్యుడెండల్ నరం, రక్తనాళాలు ఉంటాయి. బరువు అక్కడ పడితే తిమ్మిరి వస్తుంది. కొలవడం తేలిక. మడతలున్న అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి స్టూల్ మీద వేసి, మోకాళ్లు తుంటి కంటే కాస్త పైకి ఉండేలా కాళ్ల కింద పీట పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి ఒక నిమిషం కూర్చోవాలి. రెండు చేతులతో స్టూల్ అంచులు పట్టుకుని ఒంటిని కిందికి లాక్కోవాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. సరిగ్గా కనపడకపోతే పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే తేలతాయి. ఆ గుంటల నడిమధ్య నుంచి నడిమధ్యకి ఉన్న దూరమే మన కొలత. నాది 136 మిల్లీమీటర్లు వచ్చింది. దానికి ఒక 20, 25 కలిపితే కావలసిన వెడల్పు కాస్త అటూ ఇటూగా తెలుస్తుంది. ఎంత నిటారుగా కూర్చుంటే అంత ఎక్కువ కలపాలి.

లెక్క చూసేసరికి విషయం అర్థమైంది. 143 వెడల్పు శాడిల్ మీద నా ఎముకలు అంచుల దాకా వెళ్లి, కిందికి వంగిన చోట జారి నిలబడుతున్నాయి. అప్పుడు బరువంతా మధ్యలో పడక ఎక్కడ పడుతుంది? జెల్ శాడిల్ వెడల్పుగానే ఉండేది, దాని కథ వేరు. ఎముకల కింద జెల్ నలిగి పక్కలకి జరుగుతుంది, జరిగినది మధ్యలో ఉబ్బి పైకి తోస్తుంది. చేత్తో నొక్కి చూసినప్పుడు అన్నిటికంటే హాయిగా అనిపించింది అదే. 90 కిలోమీటర్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిందీ అదే.

ఇక బి17 సంగతి. జాన్ బోల్ట్‌బీ బ్రూక్స్ 1866లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తోలు సామాన్ల వ్యాపారంగా మొదలుపెట్టిన కంపెనీ ఇది. 2002 నుంచి ఇటలీకి చెందిన సెల్లె రాయల్ చేతిలో ఉంది. బి17 నమూనా వందేళ్లకు పైగా పెద్ద మార్పు లేకుండా వస్తోంది. పాతది కాబట్టి గొప్పదని నేననను. అయితే అది పనిచేసే తీరు మిగతావాటికి పూర్తిగా భిన్నం. ఇందులో నురుగు లేదు, జెల్ లేదు, కింద ప్లాస్టిక్ పెంకు లేదు. వెనక ఒక ఇనుప పట్టీకి, ముందు ముక్కు దగ్గర ఇంకో ఇనుప ముక్కకి, మందపాటి తోలుని రివెట్లతో బిగించి వదిలేశారు. నవారు మంచం ఎలాగో ఇదీ అలాగే. తోలు కింద గాలి తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఎముకలు ఒత్తిన చోట కిందికి దిగుతుంది, ఒత్తని చోట అలాగే ఉంటుంది.

వెడల్పు 175 మిల్లీమీటర్లు ఉంటుంది కానీ, ఆ అంకె చూసి నిర్ణయించుకోవద్దు. వెనక అంచు కింద ఇనుప పట్టీ ఉంటుంది. దాని మీద కూర్చుంటే రాయి మీద కూర్చున్నట్టే. ఎముకలు దానికి కాస్త ముందు, తోలు సాగే చోట ఆనాలి. అక్కడ వెడల్పు తక్కువ. నా 136కి సరిపోయింది. నాకంటే బాగా వెడల్పు కొలత వచ్చినవాళ్లు కూర్చుని చూడకుండా కొనకూడదు.

అసలు పని కొన్నాక మొదలవుతుంది. తోలు శాడిల్ నచ్చక వారంలో తీసేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల సైకిళ్లు చూస్తే చాలావరకు బిగింపులోనే తేడా ఉంది.

మొదట ఎత్తు. రెయిల్స్ (శాడిల్ అడుగున ఉండే రెండు కడ్డీలు) నుంచి పైభాగం దాకా ఈ శాడిల్ ప్లాస్టిక్ శాడిళ్ల కంటే ఎత్తుగా ఉంటుంది. నా సైకిల్ మీద తేడా 14 మిల్లీమీటర్లు వచ్చింది. సీట్‌పోస్ట్ (శాడిల్‌ని మోసే గొట్టం) అంత మేర దించకుండా మొదటి రోజు 40 కిలోమీటర్లు తొక్కాను. పెడల్ కింది దాకా వెళ్లినప్పుడల్లా నడుం అటూ ఇటూ ఊగింది, మోకాలి వెనక నరం లాగింది. పెడల్ అక్షం నుంచి శాడిల్ పైభాగం దాకా పాత కొలత ముందే రాసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

తర్వాత ముందు వెనకలు. రెయిల్స్‌లో సీట్‌పోస్ట్ పట్టుకునే తిన్నని భాగం పొట్టి, కాబట్టి వెనక్కి జరపడానికి చోటు తక్కువ. నా పాత సీట్‌పోస్ట్ వెనక్కి వంపు లేనిది. శాడిల్‌ని చివరి దాకా వెనక్కి లాగినా ఇంకా 15 మిల్లీమీటర్లు ముందే ఉండిపోయింది, చేతుల మీద బరువు పడింది. 20 మిల్లీమీటర్ల సెట్‌బ్యాక్ (వెనక్కి వంపు) ఉన్న పోస్ట్ వేశాకే కుదిరింది. బి17 కొనాలనుకునేవాళ్లు ముందు తమ సీట్‌పోస్ట్ చూసుకోండి. ఈ ఒక్క సలహా ఎవరైనా ఇచ్చి ఉంటే నాకు మూడు వారాలు కలిసొచ్చేవి.

ఆఖరిది వాలు. మామూలు శాడిల్‌ని లెవెల్ పెట్టి సమంగా బిగిస్తాం. దీన్ని అలా బిగిస్తే మధ్యలో తోలు దిగి, మనం ముక్కు వైపు జారుతూ ఉంటాం. జారకుండా ఆపేది చేతులు. గంట తర్వాత అరచేతులు తిమ్మిరెక్కితే చాలామంది గ్లోవ్స్‌ని అనుమానిస్తారు. ముక్కు కొంచెం పైకి ఉండాలి. ఎంత అనేది మిల్లీమీటర్ల లెక్క, అందుకే రెండు బోల్టులున్న సీట్‌పోస్ట్ మేలు. ముందు బోల్ట్ పావు చుట్టు వదిలి వెనకది పావు చుట్టు బిగిస్తూ వెళ్లాను. అలెన్ కీ జేబులో పెట్టుకుని ఐదు రైడ్లలో సరిచేసుకున్నాను. ఐదో రైడ్‌లో వెనక్కి సర్దుకుని కూర్చోవాల్సిన అవసరం రాలేదు. కుదిరిందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నొప్పి గురించి. తోలు శాడిల్ కొత్తలో గట్టిగా ఉంటుంది, అది నిజం. మొదటి 300 కిలోమీటర్ల వరకు, రైడ్ అయిన మర్నాడు రెండు ఎముకల మీద ఒత్తితే నొప్పి తెలిసేది. కానీ మొదటి రోజు నుంచీ తిమ్మిరి లేదు. కొత్త రైడర్లకి నేను పదే పదే చెప్పేది ఈ తేడానే. ఎముకల మీద నొప్పి కండ ఒత్తుకోవడం వల్ల వచ్చేది, వారాల్లో తగ్గుతుంది. దానికి అలవాటు పడొచ్చు. తిమ్మిరి, మంట, స్పర్శ పోవడం నరం మీద ఒత్తిడి పడుతోందని చెప్పే గుర్తులు. దానికి అలవాటు పడకూడదు. వచ్చిన వెంటనే లేచి నిలబడి తొక్కాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే వెడల్పు, ఎత్తు, వాలు మార్చాలి. దిగాక గంటలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. సిగ్గుపడాల్సిన విషయం కాదిది. నేను సిగ్గుపడి పోగొట్టుకున్నది రెండేళ్లు.

700 కిలోమీటర్ల దగ్గర తోలు మీద రెండు లేత గుంటలు కనిపించాయి. వేలితో తడిమి చూశాను, అట్టముక్క మీద పడ్డవాటిలాగే ఉన్నాయి. వెయ్యి దాటాక శాడిల్ గురించి ఆలోచించడం మానేశాను. ఈ సమయాన్ని తగ్గించాలని తోలుని నూనెలో నానబెట్టేవాళ్లు, సుత్తితో కొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయొద్దు. మెత్తబడిన తోలు త్వరగా సాగుతుంది, సాగిన తోలు మధ్యలో కుంగి మళ్లీ నరం మీదికే వస్తుంది. బ్రూక్స్ వాళ్ల ప్రూఫైడ్ అనే మైనం లాంటి పూత ఉంటుంది. కొత్తలో అడుగు వైపు బాగా, పైన పల్చగా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున గుడ్డతో తుడిచాను. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చాలు. ముక్కు కింద టెన్షన్ బోల్ట్ ఉంటుంది. కొత్తలో దాన్ని ముట్టుకోకండి. నేను 4,000 కిలోమీటర్ల తర్వాత ఒక్కసారి, పావు చుట్టు తిప్పాను. ఎక్కువ బిగిస్తే తోలు రివెట్ల దగ్గర చిరగొచ్చు.

దీనికి వానంటే పడదు. ఇది తోలు గుణం, ఎవరి తప్పూ కాదు. 300 కిలోమీటర్ల బ్రెవేలో ఐదు గంటలు వానలో తొక్కాను. పైన కవర్ వేశాను, కానీ వెనక మడ్‌గార్డ్ లేదు. చక్రం చిమ్మిన నీళ్లు అడుగు వైపు నుంచి తోలుని నానబెట్టాయి. నానిన తోలు మీద ఇంకా 110 కిలోమీటర్లు కూర్చుంటే ఏమవుతుంది? ఎడమ వైపు గుంట లోతుగా దిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఎండలో పెట్టకుండా నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. మడ్‌గార్డ్ ఆ వారమే వేయించాను. ఏడాదిలో సగం రోజులు వానలోనే తొక్కేవాళ్లయితే ఇదే కంపెనీ రబ్బరు, బట్టతో చేసే కాంబియం సి17 చూడండి. అరువు తెచ్చుకుని రెండు వారాంతాలు తొక్కాను. మొదటి రోజు నుంచే బాగుంది, వానకి భయం లేదు. కానీ ఎముకల కింద తోలు దిగినట్టు అది దిగదు. ఆ తేడా నాకు 150 కిలోమీటర్ల తర్వాత తెలిసింది.

బరువు అర కిలో పైనే. నా పాత రేసింగ్ శాడిల్‌కి రెట్టింపు ఉంటుంది. నాకు పట్టింపు లేదు. హ్యాండిల్‌బార్ బాగా కిందికి పెట్టుకుని వంగి వేగంగా తొక్కేవాళ్లకి మాత్రం నేను బి17 చెప్పను. బరువు సంగతి పక్కన పెట్టినా, అంతగా వంగితే కటి ముందుకు తిరిగి, వెడల్పాటి అంచులు తొడలకి ఒరుసుకుంటాయి. కొత్తలో రంగు కూడా షార్ట్స్‌కి అంటుతుంది, నల్ల షార్ట్స్ వేసుకోండి.

ఆడవాళ్ల కోసమని ముక్కు పొట్టిగా ఉండే బి17 ఎస్ కూడా ఉంది. నేను మామూలుదే తీసుకున్నాను. రాత్రి ఎదురుగాలిలో వంగి తొక్కేటప్పుడు ముందుకి జరిగి కూర్చోవడానికి ఆ పొడుగు ముక్కు పనికొస్తోంది. ఆడవాళ్లు కాబట్టి పొట్టిదే తీసుకోవాలని ఎవరైనా అంటే, ముందు కొలతలు అడగమనండి.

గత నెల 400 కిలోమీటర్ల బ్రెవే చేశాను. గడువు 27 గంటలు, నేను 25 గంటల 10 నిమిషాల్లో పూర్తి చేశాను. మెడ పట్టేసింది, అరికాళ్లు మండాయి. కాళ్ల మధ్య తిమ్మిరి ఒక్క నిమిషం కూడా రాలేదు. ఆ 143 శాడిల్ మాతో రైడ్‌కి వచ్చే ఒక తమ్ముడికి ఇచ్చేశాను. ఇచ్చే ముందు అదే స్టూల్ మీద, కొత్త అట్టముక్క వేసి కూర్చోబెట్టాను. 112 వచ్చింది. హాయిగా తొక్కుతున్నాడు.