చోటు చాలని ఐప్యాడ్‌కు కేబులే దారి

నేను వాడేది 2020లో వచ్చిన ఎనిమిదో తరం ఐప్యాడ్, 32 జీబీది. పుస్తకాలు చదవడానికి, పాటలు వినడానికి, మా అమ్మాయి బొమ్మలు గీసుకోవడానికి ఇప్పటికీ దీనికి వంక పెట్టలేను. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండటం అదనపు సుఖం. చిక్కల్లా పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడే. ఫైలు దిగడానికి కొంత చోటు కావాలి, దిగిన దాన్ని విప్పి ఎక్కించుకోవడానికి ఇంకొంత కావాలి. కాబట్టి అప్‌డేట్ ఎన్ని జీబీలో చూసుకుని, సరిగ్గా అంతే ఖాళీ చేసి కూర్చుంటే పని జరగదు.

ఈ తంటా పాతదే. 2014లో ఐఫోన్, ఐప్యాడ్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8ను వైఫై మీద ఎక్కించుకోవడానికి దాదాపు 4.6 జీబీ ఖాళీ కావలసి వచ్చింది. అప్పట్లో 16 జీబీ ఫోన్లున్నవాళ్ల అవస్థ ఊహించుకోండి. మరుసటి ఏడాది ఐఓఎస్ 9కు దాన్ని 1.3 జీబీకి దించారు. చోటు చాలకపోతే కొన్ని యాప్‌లను తాత్కాలికంగా తీసేసి, అప్‌డేట్ అయ్యాక తిరిగి పెట్టే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. ఏర్పాటు మంచిదే. అయితే తీసేసిన యాప్‌లన్నీ మళ్లీ దిగాలి కదా, నెట్ నెమ్మదిగా ఉన్న ఇంట్లో అదొక పెద్ద పని.

2017లో ఐఓఎస్ 11తో వచ్చిన ఆఫ్‌లోడ్ సంగతి వేరు. అది యాప్‌ను తీసేస్తుంది గానీ అందులో మనం దాచుకున్నది ఉంచేస్తుంది. ఆటల యాప్‌ల విషయంలో ఇది బాగా కలిసొస్తుంది. వీడియోలు దించి పెట్టుకున్న యాప్‌ను ఆఫ్‌లోడ్ చేస్తే మాత్రం దక్కేది స్వల్పం, ఎందుకంటే అక్కడ బరువంతా వీడియోలదే. యాప్ స్టోర్‌లోంచి తొలగిపోయిన పాత యాప్‌ను అసలు ముట్టుకోకండి, తిరిగి రాదు. ఫోటోలు చెరిపేవాళ్లకు ఇంకో మాట: చెరిపినవి ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజుల దాకా ఉండి చోటు తింటూనే ఉంటాయి. అక్కడ కూడా తీసేస్తేనే లెక్క.

ఇవన్నీ చేసినా చాలనప్పుడు ఐప్యాడ్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి అప్‌డేట్ చేయడమే శరణ్యం. నా దృష్టిలో 32 జీబీ వాళ్లు మొదటే ఈ దారి పట్టాలి. అప్‌డేట్ ఫైలు కంప్యూటర్‌లోకి దిగుతుంది కనుక ఐప్యాడ్‌లో కావలసిన ఖాళీ బాగా తగ్గుతుంది. అలాగని పూర్తిగా నిండిపోయి ఉంటే ఇదీ మొరాయించవచ్చు. మ్యాక్‌లో అయితే ఫైళ్లు చూసుకునే ఫైండర్ చాలు, విండోస్‌లో యాపిల్ డివైసెస్ యాప్ కావాలి. తగిలించగానే ‘ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చా’ అని ఐప్యాడ్ అడుగుతుంది. ఒప్పుకుని పాస్‌కోడ్ కొట్టాలి. ఆ ప్రశ్నే రాకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజారులో కొల్లలు, చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇక అసలు జాగ్రత్త. ఫైండర్‌లో ‘చెక్ ఫర్ అప్‌డేట్’ బటన్, ‘రీస్టోర్ ఐప్యాడ్’ బటన్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది మీ సామాను జోలికి రాదు. రెండోది ఐప్యాడ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఇంత తేడా ఉన్న రెండింటిని ఇరుగుపొరుగున పెట్టడం నాకు నచ్చలేదు. అందుకే ముందు బ్యాకప్ తీసి, తర్వాతే అప్‌డేట్ మొదలుపెడతాను. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డుతో తాళం) పెడితే దాచుకున్న పాస్‌వర్డులు కూడా అందులోకి వస్తాయి. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డును మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోవాలి, మరిచిపోతే ఆ బ్యాకప్ తెరుచుకోదు. అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ తెర మీద గీత మెల్లగా నిండుతుంది, మధ్యలో చాలాసేపు కదలదు కూడా. కంగారుపడి కేబుల్ లాగకండి. నేనైతే దాన్ని అలా వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోతాను.

కేబుల్ పద్ధతికి అయిదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది కంప్యూటర్ లేనివాళ్ల తరఫున. వాడేసిన 32 జీబీ ఐప్యాడ్ కొనాలనుకునేవారు ఇంట్లో కంప్యూటర్ ఉంటేనే ముందుకెళ్లండి. లేకుంటే ఇదే తరంలో 128 జీబీది వెతుక్కోండి.