నెల రోజుల ట్రిప్: వియత్నామా, యూరపా?

డబ్బు తక్కువ, తిరగాలన్న ఆశ ఎక్కువ అయితే ముందు వీసా దగ్గరే లెక్క తేల్చుకోండి.

వియత్నాం: ఈ-వీసా 25 డాలర్లు, 90 రోజుల వరకు ఇస్తారు, ఇంట్లో కూర్చునే అప్లై చేయొచ్చు.

యూరప్: షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) ఫీజు 90 యూరోలు, పైన సర్వీస్ ఛార్జీ, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హైదరాబాద్ వీసా సెంటర్‌లో వేలిముద్రలు, ఇంతా చేశాక రిజెక్ట్ అయితే ఆ ఫీజు వెనక్కి రాదు. నాకు అసలు టెన్షన్ ఇదే.

బస: వియత్నాంలో రాత్రి స్లీపర్ బస్సెక్కితే ఆ రోజు రూమ్ ఖర్చు మిగులుతుంది. యూరప్‌లో హాస్టల్ మంచానికే చాలా పోతుంది.

తిండి: శాకాహారులైతే వియత్నాంలో జాగ్రత్త, కూరల్లో కూడా చేపల సాస్ పడుతుంది, 'చై' అని బోర్డున్న హోటళ్లు వెతుక్కోండి, అంటే శాకాహారమని. యూరప్‌లో హాస్టల్ కిచెన్‌లో వండుకోవచ్చు, ఆవకాయ సర్దుకోండి గానీ నెయ్యి వద్దు, ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాల్లోకి పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు.

మొదటిసారి వెళ్తున్నా, సెలవు చివరి నిమిషంలో ఖరారైనా వియత్నామే. యూరప్‌లో ఉండనిచ్చే చుట్టాలుండి, నెలల ముందే వీసాకి పెట్టుకోగలిగితే యూరప్.