ఎండలో, దుమ్ములో సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3: చాలాకాలం వాడాక

జేబులో పట్టే కెమెరా కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది జూమ్ ఎంత అని. ముందు చూడాల్సింది సెన్సర్ సైజు. 2014లో వచ్చిన ఈ కెమెరాను ఇప్పటికీ పక్కన పెట్టబుద్ధి కాకపోవడానికి కారణం అదే. 13.2×8.8 మి.మీ. సెన్సర్, 20.1 మెగాపిక్సెళ్లు. చవక కాంపాక్టుల్లోని 1/2.3 అంగుళాల సెన్సర్ కంటే వైశాల్యం దాదాపు నాలుగింతలు. జూమ్ మాత్రం 24–70 మి.మీ. వరకే (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి). జూరాల డ్యామ్ గేటు మీద వాలిన కొంగ దీనికి చుక్కలాగే కనిపిస్తుంది. పక్షుల కోసమైతే ఇది వద్దు.

గుళ్లలో దీని విలువ తెలుస్తుంది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా నిలిచే స్తంభపు నీడను తీయాలంటే ఆటో మోడ్ పనికిరాదు. చీకటిని చూసి, వెలుగును కొలిచే మీటర్ ఫొటోను వెలుగుగా చేసేస్తుంది, నీడ కాస్తా బూడిదరంగుకు తిరుగుతుంది. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7కో, మైనస్ 1కో దించాలి. ఐఎస్‌ఓ, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, 1600 దాటనివ్వొద్దు. మోచేతులు స్తంభానికి ఆనించి పట్టుకుంటే 1/15 సెకనులో కూడా బొమ్మ కదలకుండా వస్తుంది. జూమ్ జోలికి మాత్రం పోవద్దు: ఎఫ్ 1.8 అన్నది (లెన్సు రంధ్రం, అంటే అపర్చర్ కొలత; అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ) 24 మి.మీ. దగ్గరే, 35 మి.మీ. దాటకముందే అది 2.8కి పడిపోతుంది. పెట్టె మీద 1.8–2.8 అని ముద్రించినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

బయటికొస్తే దీనికి పూర్తి వ్యతిరేకం. మే నెల మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 125, ఎఫ్ 1.8 పెడితే షట్టర్ 1/10000 దాకా కావాలి. ఈ కెమెరాలో 1/2000తోనే సరి. లోపలే ఉన్న ఎన్‌డీ ఫిల్టర్ మూడు స్టాపులు తగ్గిస్తుంది, అంటే ఎనిమిదో వంతు వెలుగునే వదులుతుంది. అప్పుడు 1/1250 చాలు, లెక్క కుదురుతుంది. దాన్ని ఫంక్షన్ బటన్ మెనూలో పెట్టుకోండి, లేకపోతే వెతికేలోపు సందర్భం పోతుంది. ఆ ఎండలో స్క్రీన్ ఎలాగూ కనిపించదు కాబట్టి పైకి లేచే, కన్ను ఆనించి చూసే వ్యూఫైండరే దిక్కు. కానన్ జీ7ఎక్స్ మార్క్ 2కి 24–100 మి.మీ. లెన్సుంది, ఎన్‌డీ ఉంది, వ్యూఫైండర్ లేదు. మన ఎండలకు నా ఓటు సోనీకే. ఒక చిరాకు మాత్రం ఉంది: వ్యూఫైండర్‌ను లోపలికి నొక్కితే కెమెరా కూడా ఆగిపోతుంది. వాడుతున్నంతసేపూ పైకే ఉంచడం మేలు.

గద్వాల, నారాయణపేట చీరలు, పోచంపల్లి ఇక్కత్ ఫొటోలు తీసేవాళ్లు ఒకటి గమనించాలి. సన్నని నేత గీతలు, సెన్సర్ గళ్లు ఒకదానితో ఒకటి కలబడితే గుడ్డలో లేని రంగురంగుల అలలు ఫొటోలో పుడతాయి. అడుగు ముందుకో వెనక్కో జరిగితే చాలు, చాలాసార్లు పోతాయి. 24 మి.మీ. దగ్గర 5 సెం.మీ. దాకా ఫోకస్ అవుతుంది గానీ కెమెరా నీడే చీర మీద పడుతుంది, అంచులు కూడా వంగుతాయి. 70 మి.మీ. పెట్టి 30 సెం.మీ. దూరం నుంచి తీస్తే జరీ అంచు నిటారుగా వస్తుంది. దుకాణంలో ఎల్‌ఈడీ వెలుగు, గుమ్మంలోంచి పగటి వెలుగు కలిసి పడితే ఎరుపు ఎరుపుగా ఉండదు. ఒక వెలుగు ఆపేసి, తెల్లకాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ సెట్ చేయాలి. ఫ్లాష్ తప్పనిసరైతే దాన్ని వేలితో వెనక్కి వంచి తెల్లటి పైకప్పు మీదికి కొట్టించండి, జరీ మీద తెల్లమచ్చ పడదు.

బ్యాటరీ లెక్క ప్రకారం 320 ఫొటోలు. వీడియో తీస్తే ఆ లెక్క మరిచిపోవాలి. ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీ ఇంకొకటి, విడి చార్జర్ తప్పదు. బాడీ నున్నగా జారుతుంది, అతికించే గ్రిప్ వేయించండి.

ఇక దుమ్ము. లెన్సు బయటికి సాగే కాంపాక్టులన్నిటికీ ఇదే రోగం. గొట్టం సాగినప్పుడు లోపల జాగా పెరిగి బయటి గాలిని పీలుస్తుంది, గాలితోపాటే ఎర్రమట్టి పొడి. వడ్లు తూర్పారబట్టే చోట, మొరం రోడ్డు మీద బస్సు పోయిన వెంటనే కెమెరా ఆన్ చేయొద్దు. జేబులో ఉత్తగా వేయొద్దు, నూలుపోగులూ లోపలికి పోతాయి. లెన్సు ఊడిరాదు కాబట్టి సెన్సర్‌ను ఇంట్లో తుడవలేం, మొత్తం విప్పాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు దీన్నే పరీక్షించాలి. అపర్చర్ మోడ్‌లో ఎఫ్ 11, ఐఎస్‌ఓ 125, జూమ్ 70 మి.మీ. పెట్టి మబ్బుల్లేని ఆకాశాన్ని తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. బూడిదరంగు చుక్కలుంటే ధర తగ్గించమనే బదులు వదిలేసి రండి. తర్వాత పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్సు ముందున్న సన్నని రేకులు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో, స్క్రీన్ పైకి 180 డిగ్రీలు తిప్పినప్పుడు బొమ్మ మినుకుమంటోందో చూడాలి.