కారైకుడి దాకా వెళ్లి కిటికీ కొనుక్కొచ్చాం

మా హాల్లో సోఫా వెనక గోడ మూడేళ్లుగా బోసిగా ఉంది. నాకు నచ్చిన పెయింటింగ్ మా ఆయనకి నచ్చదు, ఆయన తెచ్చింది నేను గోడెక్కనివ్వను. ఇద్దరం గొడవ లేకుండా ఒప్పుకున్నది ఒక్కటే, పాత కిటికీ. రెక్కలు, గడియలతో సహా, వెలిసిన రంగుతో, ఎవరింట్లోనో ఎండకీ వానకీ తడిసి ఎండిన అసలు కిటికీ కావాలి.

ముందు హైదరాబాదులోనే వెతికాం. గురువారం జుమ్మేరాత్ బజార్‌కి పొద్దున్నే వెళ్తే ఇత్తడి గొళ్లేలు, బందులు బాగానే దొరికాయి కానీ మొత్తం కిటికీ మాత్రం మాకు కనబడలేదు. కూల్చిన ఇళ్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర ఉన్నవేమో అప్పటికే చిత్రిక పట్టి వార్నిష్ కొట్టేసినవి. అంతకుముందోసారి కొచ్చి వెళ్లినప్పుడు మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉన్న వీధిలో చాలా చూశాం. చూడ్డానికి ఆ వీధిని మించింది లేదు, ధర అడగనంతవరకు.

సరే, పాత ఇళ్ల తలుపులూ కిటికీలూ అమ్మే బజారున్న తమిళనాడు ఊరు కారైకుడి పోదాం అనుకుని తిరుచ్చికి ఫ్లైట్‌లో వెళ్లి, అక్కణ్ణుంచి ట్యాక్సీ పెట్టుకున్నాం. దాదాపు తొంభై కిలోమీటర్లు, పుదుక్కోట్టై మీదుగా మంచి రోడ్డు. దారిలో తిరుమయం కోట ఉంది కానీ మధ్యాహ్నం ఎండలో ఎక్కకండి, మా అత్తయ్య సగంలోనే కూర్చుండిపోయింది.

మొదటి రాత్రి కారైకుడి దగ్గరే ఉన్న కానాడుకాత్తాన్‌లో హోటల్‌గా మార్చిన ఒక పాత చెట్టియార్ ఇంట్లో ఉన్నాం. గదికి తొమ్మిది వేలు. ఎత్తైన కప్పు, చల్లటి నేల, నాలుగు వైపులా స్తంభాలతో ముంగిలి, అచ్చం మన మండువా లోగిలిని నాలుగు రెట్లు పెంచినట్టుంటుంది. వేణ్నీళ్లు రావడానికి అరగంట పట్టింది, రాత్రి ఎనిమిది తర్వాత బయట మాకు తినడానికేమీ దొరకలేదు కాబట్టి వాళ్లు పెట్టిందే, వాళ్లు చెప్పిన ధరకే. రెండో రాత్రి కారైకుడి ఊళ్లో పద్దెనిమిది వందల లాడ్జి. గోడలకి సున్నం తప్ప ఇంకేం లేదు కానీ శుభ్రంగా ఉంది, బజారుకి నడిచిపోవచ్చు. నన్నడిగితే ఇలాగే ఒక్కో రాత్రి పంచుకోండి, కానీ పెద్దిల్లు ముందు. ఆ ఇళ్లు చూడకుండా బజారుకెళ్తే ఏం కొంటున్నామో తెలీదు. తిండికి మాత్రం కారైకుడిలో బంగళా హోటల్లో అరిటాకు భోజనం ఒక్కపూటైనా తినండి, ముందుగా ఫోన్ చేసి చెప్పాలి.

దగ్గర్లోనే ఉన్న మరో చెట్టియార్ పెద్దిల్లు, ఆత్తంగుడి ప్యాలెస్‌కి టికెట్ కొని లోపలికెళ్లి గంటన్నర కిటికీలే చూస్తూ తిరిగాను. ఒక్కో కిటికీకి నాలుగు రెక్కలు, పైన రెండు, కింద రెండు. కిందివి మూసుకుంటే వీధిలో పోయేవాళ్లకి లోపల మనుషులు కనబడరు, పైవి తీస్తే గాలీ వెలుతురూ వస్తాయి. నిలువు ఇనుప చువ్వలు. కలప బర్మా టేకు. ఈ చెట్టియార్లు బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించారు, ఆ డబ్బే ఇక్కడ ఇళ్లయింది. 1942లో జపాన్ సైన్యం బర్మాలో దిగడంతో అక్కడి ఆస్తులు పోవడం మొదలైంది, తర్వాత పిల్లలు చెన్నైకో విదేశాలకో వెళ్లిపోయారు. పంపకాల్లో యాభై వాటాలైన ఇంటిని ఎవరు సున్నం వేయించి కాపాడతారు? తలుపులూ కిటికీలూ విడిగా బజారుకొచ్చాయి. ఊళ్లో ఆయిరం జన్నల్ వీడు, అంటే వెయ్యి కిటికీల ఇల్లు, బయటినుంచే చూశాం. అన్నట్టు తమిళుల ఈ జన్నల్ పోర్చుగీసు మాట 'జనేలా' నుంచి వచ్చిందట, మా ఆయన ట్యాక్సీలో నాలుగుసార్లు చెప్పాడు.

బజారు మునీశ్వరన్ కోయిల్ వీధిలో. ఎనామిల్ గిన్నెలు, పాత గడియారాలు, తంజావూరు పటాలు, వాటి వెనక గోడకి చేరేసి తలుపులు, కిటికీలు. దుకాణాయన "అక్కా, నూరు వరుషం", అంటే వందేళ్లనాటిది, అంటూనే ఉంటాడు, మీరు మాత్రం వెనక్కి తిప్పి చూడండి. ప్లస్ గుర్తున్న స్క్రూలుంటే తర్వాత బిగించినవే. పాత బందు ఊడిన చోట రంగు లేని మచ్చ ఉండాలి. మేకుతో అంచు గుచ్చితే పొడి రాలిందంటే పుచ్చు పట్టినట్టు, వదిలేయండి. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పుదానికి పద్నాలుగు వేలన్నాడు, మా అత్తయ్య ఒక్క తమిళం ముక్క రాకుండానే తొమ్మిదిన్నరకి దించింది. పై రెక్కలకి పచ్చా నీలం గాజు పలకలు కూడా ఉన్నాయి. ఒక గడియ లేదు.

ఇక్కడిదాకా బాగుంది. లారీ పార్శిల్ ఆఫీసులో మూడు వేల రెండు వందలు కట్టించుకుని ఐదు రోజులన్నారు, పదకొండో రోజుకి వచ్చింది, ఒక నీలం పలక పగిలి. 'గాజు' అని రసీదులో రాయించనందుకు మాదే తప్పట. గాజుంటే పలకలు విప్పి బట్టల పెట్టెలో తెచ్చుకోండి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తనకీ ఒకటి పంపమంది కానీ అది ఇంత సులువు కాదు. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురాతన వస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పాతగా కనబడే వస్తువైతే పురాతనం కాదని పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఇంటికొచ్చాక వడ్రంగి రాగానే ఉప్పు కాగితం తీశాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది, పిల్లలున్న ఇళ్లలో అసలొద్దు. బాల్కనీలో తలుపేసుకుని, మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడుస్తూ రేగిన పెచ్చులు మాత్రమే తీశాను. అడుగున ఆకుపచ్చ, దాని కింద ఇంకేదో నీలం బయటపడ్డాయి. అక్కడితో ఆపి రెండు పూతలు అవిసె నూనె పట్టించాను. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

బరువు మరో తలనొప్పి. మా అపార్టుమెంటు గోడలు ఏఏసీ బ్లాకులవి, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలవి, మామూలు బోల్టు వేస్తే చుట్టూ పిండిలా రాలిపోయింది. చివరికి ఇనుప చువ్వలు తీసేసి బరువు తగ్గించి, ఏటవాలుగా కోసిన రెండు చెక్కపట్టీలు, ఒకటి గోడకి, ఒకటి కిటికీకి బిగించి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టాం. గోడవైపు పట్టీకి బ్లాకుల కోసమే అమ్మే పొడుగు ప్లగ్గులు ఆరు. చువ్వలు తీయడం నాకింకా నచ్చలేదు, మంచం కింద దాచాను.

పై రెక్కల వెనక అద్దం పెట్టించాను. కింద ఇప్పుడు మా అమ్మమ్మగారి కోనసీమ ఇంటి ఫొటోలు రెండున్నాయి. ఆ ఇల్లు అమ్మినప్పుడు కిటికీలు కలప లెక్కన తూకానికి పోయాయి, అప్పుడెవరం అడ్డుపడలేదు. పగిలిన నీలం పలక చోట మామూలు గాజే వేయించాం, రంగు కలవలేదు. లేని గడియ కోసం మళ్లీ గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లాలి, కొలత కోసం పక్క గడియని కాగితం మీద గీసి పర్సులో పెట్టుకున్నాను.