వేరుకుళ్లు సోకిన వీధి చెట్టు: మందు పోయడమా, కాంక్రీటు తీయడమా, కొట్టేయడమా?

కాలిబాట మీది తురాయి చెట్టు మొదట్లో, నేలకు ఆనుకుని, వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్రటి గోధుమరంగు పుట్టగొడుగు పుట్టిందంటే అది చాలావరకు వేళ్లను కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం. చెక్కలా గట్టిగా ఉంటుంది. పైన కొమ్మల నిండా పూలున్నప్పుడే కింద వేళ్లు కుళ్లిపోతుంటాయి. అందుకే పచ్చగా ఉన్న చెట్టు కూడా ఒక్క గాలివానకు కూలిపోతుంది. తెగిన వేరును గిల్లి చూడండి, తెల్లగా, మెత్తగా, పీచుపీచుగా వస్తుంది.

మందు పోయడం అందరికీ మొదట తోచే దారి. కోనసీమ కొబ్బరి రైతులకు ఈ తెగులు కొత్త కాదు. 1 శాతం బోర్డో మిశ్రమాన్ని, అంటే 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున కలిపి, చెట్టుకు 40 లీటర్ల దాకా పాదులో పోస్తారు. తోటలో అది సాగుతుంది. నగరంలో చెట్టుకు పాదు ఎక్కడుంది? సిమెంటు పలకల మధ్య జానెడు సందులో 40 లీటర్లు పోస్తే సగానికి సగం మురుగుకాలువ పాలవుతుంది. ఇంకిన మందు కూడా మట్టిలోని శిలీంధ్రాన్ని అణచగలదేమో కానీ, చెక్క లోపల పాకిన దాన్ని అందుకోలేదు.

నా ఓటు కాంక్రీటు తీయడానికే. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులను ఆదేశించింది. మన ఊళ్లలోనూ అదే కొలత పెట్టుకోవచ్చు. పలకలను గునపంతో, చేతితోనే తీయించాలి. జేసీబీ పెడితే వేళ్లు తెగుతాయి, తెగిన ప్రతి వేరూ ఈ శిలీంధ్రానికి తెరిచిన తలుపే. తర్వాత బాగా మాగిన పశువుల ఎరువు, 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి వేసి, తేమ ఆరకుండా చూడాలి. ట్రైకోడెర్మా కూడా బతికి ఉన్న శిలీంధ్రమే, ఎండిన మట్టిలో పనిచేయదు. బోర్డో పోసిన వెంటనే వేస్తే చచ్చిపోతుంది.

దీనితో కుళ్లిన వేరు తిరిగి రాదు. లాభం ఎక్కువగా పక్క చెట్లకే. గానోడెర్మా ఒక చెట్టు వేరు నుంచి తాకుతున్న మరో వేరుకు పాకుతుంది కాబట్టి, సాలులో ఒకదానికి సోకితే మిగతా వాటి పాదులు ఆ వారమే తెరవాలి.

మొదలు చుట్టూ పుట్టగొడుగులు వచ్చి, సుత్తితో తడితే డొల్లగా మోగుతుంటే మాత్రం కొట్టేయక తప్పదు. కింద బస్సు కోసం మనుషులు నిలబడతారు. అయితే కాంట్రాక్టర్లు నేలమట్టానికి కోసి మొద్దు వదిలేస్తారు. తెగులు ఏళ్ల తరబడి కాపురముండేది ఆ మొద్దులోనే. దాన్ని పెద్ద వేళ్లతో సహా పెకలించాలి, ఆ గుంతలో మళ్లీ తురాయి నాటకూడదు.

వేపచెట్టు కొనలు ఎండితే ఈ లెక్క వర్తించదు. 2021లో తెలంగాణ అంతటా కనిపించిన ఆ ఎండుతెగులు కొమ్మలకు సోకేది, వేరుకుళ్లు కాదు. వానలు పడ్డాక చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. దయచేసి ఆ భయంతో వేపను నరికించకండి.

పనికి అదను వానలకు ముందే. పలకలు తీయడానికి పురపాలక ఉద్యాన విభాగానికి అర్జీ పెట్టేటప్పుడు ఒక్క చెట్టు పేరు కాకుండా సాలు మొత్తం రాయండి.